కారు వెనక సైకిల్ ర్యాక్ కడితే నంబర్ ప్లేట్ మూసుకుపోతోంది, ఇంకో ప్లేట్ కొట్టించుకోవచ్చా? ఖర్చెంత?

పానగల్ పెడల్ (నల్లగొండ)

అందరికీ నమస్తే. మాది బ్యాలెనో. దానికి బెల్టులతో డిక్కీ డోర్‌కి కట్టే సైకిల్ ర్యాక్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, రెండు సైకిళ్లు పడతాయి. ఉదయ సముద్రం కట్ట మీద తొక్కీ తొక్కీ బోర్ కొట్టింది, అందుకని సెలవు రోజుల్లో సాగర్ వైపో, హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ పైకప్పు వేసిన సైకిల్ ట్రాక్‌కో పోదామని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం. ర్యాక్ బాగానే కూర్చుంది కానీ సైకిళ్లు ఎక్కించాక వెనక్కి వెళ్లి చూస్తే చక్రం సరిగ్గా ప్లేట్ మీదికి వచ్చింది. టీజీ 05 వరకు కనిపిస్తోంది, మిగతా అంకెలన్నీ టైరు వెనకే. రేడియం షాపులో అడిగితే అదే నంబర్‌తో ఇంకో ప్లేట్ గంటలో కొట్టిస్తాను, మూడొందలు ఇవ్వండి, ర్యాక్‌కి జిప్ టైలతో బిగించుకోండి అన్నాడు. ఇది చెల్లుతుందా? పట్టుకుంటే ఫైన్ ఎంత? ఎవరైనా ఇలా తిరుగుతున్నారా?

జడ్చర్ల జంక్షన్

అన్నా, అంత టెన్షన్ ఎందుకు. ఈ నలభై నాలుగో నంబర్ హైవే మీద సైకిళ్లు కట్టుకొని పోయే బండ్లు శని ఆదివారాల్లో ఎన్ని కనిపిస్తాయో. నేనూ ఎన్నోసార్లు పోయినా, షాద్‌నగర్ దాటి రాయికల్ టోల్ దగ్గర కూడా ఎవరూ అడగలేదు. మూడొందలకు కొట్టించుకొని పో.

పాలమూరు సైక్లిస్ట్

జడ్చర్ల భయ్యా, ఎవరూ ఆపకపోవడం వేరు, చెల్లడం వేరు. పానగల్ అన్నా, రేడియం షాపు ప్లేట్ మాత్రం వద్దు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా వచ్చే ప్రతి బండికీ హై సెక్యూరిటీ ప్లేటే ఉండాలి. మీది టీజీ నంబర్ అంటే 2024 మార్చి తర్వాత రిజిస్టర్ అయిన బండి, కాబట్టి షోరూంలోనే ఆ ప్లేట్ బిగించి ఇచ్చి ఉంటారు. ఒకసారి దగ్గరికి వెళ్లి చూడండి. ఎడమ వైపు పైన అశోక చక్రం ఉన్న క్రోమియం హోలోగ్రామ్, దాని కింద నీలి రంగులో ఐఎన్‌డీ అక్షరాలు, ఇంకా కిందికి వేలుగోరంత సైజులో లేజర్‌తో చెక్కిన కోడ్ ఉంటాయి. ఆ కోడ్ ముందు ప్లేట్‌కి ఒకటి, వెనక ప్లేట్‌కి ఇంకొకటి, రెండూ వాహన్ అనే సర్కారీ బండ్ల రికార్డులో మీ బండి పేరు మీదే ఎక్కి ఉంటాయి. రేడియం షాపు వాడు అంకెలు అతికిస్తాడు కానీ ఆ కోడ్ ఎక్కడి నుంచి తెస్తాడు? ఆపినాయన రెండు ప్లేట్లూ పక్కపక్కన చూస్తే ఏది అసలుదో చిన్న పిల్లాడు కూడా చెప్తాడు, అప్పుడు చక్రం అడ్డమొచ్చిందనే చిన్న విషయం పోయి డూప్లికేట్ ప్లేట్ అనే పెద్ద విషయం మొదలవుతుంది.

పానగల్ పెడల్

అలా అయితే అసలైన హై సెక్యూరిటీ ప్లేటే మూడోది ఆర్డర్ పెట్టుకుంటే? ఆరేడు వందలు పోయినా పర్లేదు.

మిర్యాలగూడ లాయర్ సాబ్

ఇవ్వరు. కేంద్ర మోటారు వాహన నియమాలు 1989లో 50వ రూల్ చూడండి, కారుకు ముందు ఒక ప్లేట్, వెనక ఒక ప్లేట్, ముందు అద్దానికి లోపల వైపు ఒక స్టిక్కర్, ఇంతే. మూడో రిజిస్ట్రేషన్ మార్క్ అని వాళ్లు పిలిచేది ఆ స్టిక్కర్‌నే, ర్యాక్‌కో ట్రాలీకో తగిలించుకునే ప్లేట్‌ని కాదు. ప్లేట్ పాడైతే పాతది తీసుకొని కొత్తది ఇస్తారు, పోతే పోలీసు ఫిర్యాదు కాపీ అడుగుతారు. రెండూ బాగుండి అదనంగా ఒకటి కావాలంటే ఆ ఆర్డర్ పెట్టుకునే చోటే ఆప్షన్ ఉండదు. పోయిందని అబద్ధం చెప్పి తెప్పించుకుందామని కొందరు సలహా ఇస్తారు, ఆ పని అస్సలు చేయకండి, తప్పుడు ఫిర్యాదు దానికదే నేరం.

ఇక ఫైన్ సంగతి. ఇక్కడ మూడు సెక్షన్లు కలగాపులగం చేసి మాట్లాడుతుంటారు కాబట్టి విడదీసి చెప్తాను. మోటారు వాహనాల చట్టం 1988లో 177 అనేది జనరల్ సెక్షన్, వేరే ఎక్కడా శిక్ష రాయని ఉల్లంఘనలన్నీ దీని కిందికి వస్తాయి, 2019 సవరణ తర్వాత మొదటిసారి 500, మళ్లీ దొరికితే 1500. ప్లేట్ సగం మూసుకుపోయిన కేసు మామూలుగా ఇందులోనే పోతుంది. కానీ 39వ సెక్షన్ చదవండి, బండి రిజిస్టర్ అయి ఉండాలి అనడంతో ఆగలేదు, నంబర్ నిర్ణీత పద్ధతిలో కనిపించేలా ఉండాలి అని కూడా అదే వాక్యంలో ఉంది. దాన్ని మీరితే 192, మొదటిసారికి రెండు వేలకు తగ్గకుండా ఐదు వేల దాకా. సైకిల్ ర్యాక్‌కి ఐదు వేలు వేశారట అని మీరు వినే కథల్లో ఆ అంకె ఇక్కడి నుంచే వస్తుంది. నా లెక్కలో అలా వేయడం అతి, వాదించొచ్చు, కానీ రోడ్డు మీద నిలబడి వాదించేది మీరు, మీ సైకిళ్లు, మీ ఆవిడ. ఇంకో మాట, చలానాలో కనిపించే మొత్తం రాష్ట్రం పెట్టుకున్న కాంపౌండింగ్ ఫీజును (కోర్టుకు పోకుండా కట్టి తేల్చుకునే మొత్తాన్ని) బట్టి ఉంటుంది, చట్టంలో అంకెతో అచ్చంగా సరిపోవాలని లేదు. మన దగ్గర దాని పైన యూజర్ ఛార్జీ 35 రూపాయలు కూడా కలుస్తుంది.

మూడోది 194లో 1ఏ. దాని గురించి ఎవరైనా అడిగితే చెప్తాను, ముందే చెప్తే భయపడతారు.

జడ్చర్ల జంక్షన్

అడుగుతున్నా సార్, చెప్పండి. సగంలో ఆపితే నిద్ర పట్టదు.

మిర్యాలగూడ లాయర్ సాబ్

బండి మీద వేసిన లోడు పక్కలకో ముందుకో వెనక్కో అనుమతికి మించి బయటికి వస్తే ఇరవై వేలు. ఆ లోడు దింపే ఖర్చు కూడా మనదే.

జడ్చర్ల జంక్షన్

ఇరవై వేలా! నా సైకిలే పద్నాలుగు వేలు సార్.

మిర్యాలగూడ లాయర్ సాబ్

అది లారీల మీద ఇనుప రాడ్లు, వరిగడ్డి, పత్తి బోరాలు దృష్టిలో పెట్టుకొని రాసింది. సైకిల్‌కి ఆ సెక్షన్ పెట్టే అధికారి అరుదు. కానీ వాక్యంలో మోటారు వాహనం అనే ఉంది, లారీ అని లేదు. కాబట్టి హ్యాండిల్ బయటికి పొడుచుకొచ్చేలా మాత్రం కట్టుకోకండి.

పాలమూరు సైక్లిస్ట్

లాయర్ సార్ చెప్పినదానికి కొలతలు నేను చెప్తా. బ్యాలెనో వెడల్పు 1745 మిల్లీమీటర్లు. పెద్దవాళ్ల సైకిల్ పొడవు ఈ టైరు చివర నుంచి ఆ టైరు చివరికి మీటరున్నర దాటి దాదాపు 1.8 మీటర్ల దాకా పోతుంది, 29 అంగుళాల చక్రాలున్న ఎంటీబీ (మౌంటెన్ బైక్) అయితే ఇంకా ఎక్కువే. అంటే అడ్డంగా కట్టినప్పుడు పొడవాటి సైకిల్ టైర్లు బండి ఒంటికి అటూ ఇటూ బయటికి రావొచ్చు. ముందు చక్రం విప్పేస్తే ఈ బాధ పోతుంది, పైగా ప్లేట్ మీదికి వచ్చే చక్రాల్లో ఒకటి తగ్గుతుంది. విప్పిన చక్రం డిక్కీలో పడేయండి. పానగల్ అన్నా, ముందు ఇది చేసి చూడండి, సైకిల్‌ని కొంచెం ఎడమకి జరిపి వెనక చక్రాన్ని టెయిల్ లైట్‌కీ ప్లేట్‌కీ మధ్య ఖాళీలో పెట్టగలిగితే అసలు సమస్యే ఉండదు.

పానగల్ పెడల్

సాయంత్రం ట్రై చేశాను. ఒక్క సైకిల్ అయితే ప్లేట్ దాదాపు మొత్తం కనిపిస్తోంది, కానీ పెడల్ ఒకటి ఆఖరి అంకె మీదికి వస్తోంది. రెండో సైకిల్ కూడా పెడితే మళ్లీ కథ మొదటికే. ఎడమకి జరిపితే ఎడమ టెయిల్ లైట్ సగం పోయింది.

తీగలాగితే (సూర్యాపేట, ఇప్పుడు ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊరు)

అన్నా నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, ఇక్కడ ఇదే సమస్యకు దారి పెట్టారు. వెనక ర్యాక్ కట్టి నంబర్ మూసుకుపోతే ర్యాక్ మీద ఇంకో ప్లేట్ తప్పనిసరిగా పెట్టాలి, లైట్లు మూసుకుపోతే లైట్ బోర్డు కూడా. అడ్డంగా ఉండే ఒక పట్టీ మీద టెయిల్ లైటు, బ్రేక్ లైటు, ఇండికేటర్లు, మధ్యలో నంబర్ ప్లేట్ ఉంటాయి, కారు టోబార్ (వెనక ట్రాలీ తగిలించే కొక్కెం) దగ్గరున్న ఏడు పిన్నుల సాకెట్‌కి వైర్ గుచ్చితే కారు లైట్లతో పాటే అవీ వెలుగుతాయి. ప్లేట్ ఇరవై పౌండ్లలోపే, బోర్డు ఇంకో ముప్పై నలభై. అయితే ప్లేట్ కొట్టించుకోవాలంటే రిజిస్టర్డ్ షాపులోనే, బండి కాగితం, మన ఐడీ రెండూ చూపించాలి. నంబర్ కనిపించకుండా తిరిగితే జరిమానా వెయ్యి పౌండ్ల దాకా ఉంటుంది. నేను కొన్నప్పుడు ప్లేట్ కంటే లైట్ బోర్డే ఎక్కువ ఉపయోగం అనిపించింది, ఇక్కడ చలికాలం నాలుగింటికే చీకటి పడిపోతుంది మరి.

వనపర్తి వదిన (మెల్‌బోర్న్)

మా దగ్గర ఇంకో పద్ధతి. విక్టోరియాలో ప్రభుత్వమే సైకిల్ ర్యాక్ కోసమని ప్రత్యేకంగా ఒక ప్లేట్ అమ్ముతుంది, మన బండి నంబరే ఉంటుంది, ర్యాక్‌కి తగిలించి వాడి తీసేయడమే. అట్ట మీద రాసి పెట్టుకోవడం, ఇంట్లో ప్రింట్ తీసి అతికించుకోవడం ఒప్పుకోరు. మా ఆయన మొదట్లో నంబర్ ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్లో పెడదాం అన్నాడు, నేను మీద పడి ఆపాను.

జడ్చర్ల జంక్షన్

అంటే అక్కడ ఇచ్చేది ఇక్కడ ఎందుకివ్వరు? ఆరొందలు తీసుకొని ఇంకో ప్లేట్ ఇస్తే గవర్నమెంటుకి పైసలు, మనకి మనశ్శాంతి.

మిర్యాలగూడ లాయర్ సాబ్

మంచి ప్రశ్నే. మన దగ్గర హై సెక్యూరిటీ ప్లేట్ పెట్టిందే నంబర్లు కాపీ కొట్టి దొంగ బండ్లు తిప్పడం ఆపడానికి. అందుకే వెనక ప్లేట్‌కి స్నాప్ లాక్ వేస్తారు, ఒకసారి బిగిస్తే విప్పాలంటే విరగాల్సిందే. చేత్తో పట్టుకొని ఎక్కడికైనా తీసుకెళ్లగలిగే మూడో ప్లేట్ ఇస్తే ఆ మొత్తం ఏర్పాటుకే అర్థం ఉండదు. వాటిని ర్యాక్‌కి తాళంతో బిగించే పద్ధతి ఒకటి తయారు చేస్తే ఇవ్వొచ్చు, నాకు అభ్యంతరం లేదు, కానీ కారు వెనక సైకిల్ కట్టుకునేవాళ్లు మన దేశంలో ఎంతమంది అని వాళ్లు చూసుకుంటారు కదా. ఎవరూ గట్టిగా అడగలేదు, వాళ్లు రాయలేదు. అడగాలంటే ఢిల్లీలో రోడ్డు రవాణా శాఖను అడగాలి, ఇక్కడ ఆర్టీఏ ఆఫీసు చేతిలో లేదు.

దేవరకొండ డ్రైవర్

మరి ఉన్న వెనక ప్లేటే విప్పి ర్యాక్ మీద పెట్టుకుంటే?

పాలమూరు సైక్లిస్ట్

పైన లాయర్ సార్ చెప్పింది అదే కదా అన్నా, స్నాప్ లాక్ విరుగుతుంది. విరిగాక ఇంటికొచ్చి ర్యాక్ తీసేస్తే మళ్లీ ప్లేట్ దేనితో బిగిస్తారు? నట్టూ బోల్టూ వేస్తే లాక్ లేని ప్లేట్ అవుతుంది. పైగా ర్యాక్ మీద పెట్టిన ప్లేట్‌కి రాత్రి లైట్ ఎక్కడిది?

హైవే హుజూర్ (చౌటుప్పల్)

ప్లేట్ ప్లేట్ అంటున్నారు, నేను టెయిల్ లైట్ గురించి చెప్తా. అరవై ఐదో నంబర్ హైవే మీద రోజూ విజయవాడ వైపు తిరిగే పని నాది. రాత్రి పూట వెనక లైట్లు సైకిళ్ల వెనక దాక్కున్న బండి ముందుంటే అది ఆగిందో పోతోందో తెలియదు. చువ్వల సందుల్లోంచి ఎర్రగా కొంచెం మినుకుమంటుంది, బ్రేక్ వేసిందా ఇండికేటర్ వేసిందా అర్థం కాదు, పంతంగి టోల్ దగ్గర అందరూ ఒక్కసారిగా స్లో అయ్యే చోట వెనక లారీ ఉందనుకోండి, ఇక చెప్పక్కర్లేదు. ఫైన్ ఐదొందలా ఐదు వేలా అని లెక్కలు వేసుకుంటున్నారు గానీ నన్నడిగితే అసలు భయపడాల్సింది దీనికే.

మిర్యాలగూడ లాయర్ సాబ్

హుజూర్ గారు సరిగ్గా పట్టుకున్నారు. 105వ రూల్ అదే చెప్తుంది. వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి, నంబర్ ప్లేట్ మీద పడే తెల్ల లైటుతో 15 మీటర్ల నుంచి నంబర్ చదవగలగాలి. 51వ రూల్ ప్రకారం కారు ప్లేట్ మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, మందం 10, మధ్య ఎడం 10. అంత అక్షరం 15 మీటర్ల నుంచి బాగానే చదవొచ్చు, మధ్యలో చైన్ వీల్ లేకపోతే.

పాలమూరు సైక్లిస్ట్

దీన్ని ఇంట్లోనే చెక్ చేసుకోవచ్చు. సైకిళ్లు కట్టాక పొద్దు గూకే వేళకి లైట్లు వేసి, ఇంకొకరిని బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చోమనండి. మీరు వెనక్కి ఇరవై అడుగులు వేయండి, అడుగులంటే కొలత అడుగులు కాదు, నడిచే అడుగులు, దాదాపు 15 మీటర్లు అవుతుంది. అక్కడి నుంచి ఫోన్లో ఫొటో తీయండి, జూమ్ చేయకుండా. తర్వాత కొంచెం ఎడమకి, కొంచెం కుడికి జరిగి కూడా తీయండి, ఎందుకంటే నేరుగా చూస్తే కనిపించిన అంకె పక్క నుంచి చూస్తే పెడల్ వెనక్కి పోతుంది, చలానా కెమెరాలు ఎప్పుడూ మన వెనక సరిగ్గా మధ్యలో ఉండవు కదా. ఫొటోలో నంబర్ మొత్తం, రెండు వైపులా బ్రేక్ లైట్, ఇండికేటర్ కనిపిస్తే ఆ ర్యాక్‌తో నిశ్చింతగా పోవచ్చు. లేదంటే వేరే దారి చూసుకోవడమే.

అచ్చంపేట అడవి

శ్రీశైలం రోడ్డు వైపు వచ్చేవాళ్లకి ఒక మాట. మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు, అది పులుల అడవి. అక్కడ పగలు కూడా బండి ఆపి చూస్తారు, నంబర్ రాసుకుంటారు. వెనక నంబర్ కనిపించకపోతే ముందుకొచ్చి ముందు ప్లేట్ చూసి రాసుకున్న సందర్భాలున్నాయి, ఒక్కోసారి సైకిల్ పక్కకి జరపమంటారు కూడా. ఘాట్‌లో మలుపుల దగ్గర బెల్టు ర్యాక్ అటూ ఇటూ ఊగుతుంది, దాని బెల్టులు మధ్యలో ఒకసారి ఆపి బిగించుకోవాల్సిందే, ఎండాకాలం అయితే ఇంకా త్వరగా వదులవుతాయి.

కోదాడ కోమలి

ఫాస్టాగ్‌కి ఏమైనా ఇబ్బందా? నంబర్ కనిపించకపోతే డబుల్ కట్ అవుతుందా?

హైవే హుజూర్

లేదమ్మా, ఫాస్టాగ్ ముందు అద్దం మీద ఉంటుంది, రీడర్ దాన్నే చదువుతుంది. వెనక నంబర్‌తో దానికి పని లేదు.

పానగల్ పెడల్

సరే, వెనక ర్యాక్ మీద ఆశ సగం పోయింది. పైన, అంటే రూఫ్ మీద పెడితే? అది కూడా చట్టానికి విరుద్ధం అని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు, బండిని మార్చినట్టు లెక్కట.

మిర్యాలగూడ లాయర్ సాబ్

ఆయన చెప్పింది 52వ సెక్షన్. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడానికి వీల్లేదని గట్టిగా చెప్పింది. 2017 చివర్లో ముందు బంపర్‌కి వేసే బుల్ బార్లు తీసేయమన్నది కూడా ఈ సెక్షన్ చూపించే. కానీ పనయ్యాక విప్పి ఇంట్లో పెట్టుకునే ర్యాక్ వేరు, బంపర్ కోసి కింద ఇనుప చట్రం వెల్డింగ్ చేయించడం వేరు. మొదటిది సామాను కట్టుకునే సాధనం, రెండోది మార్పు. అందుకే మన ఊళ్లలో వెల్డింగ్ షాపుల్లో చేయించే టోబార్ జోలికి పోవద్దని చెప్తాను. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రూఫ్ ర్యాక్ సంగతి చెప్పి నాన్ ఎలక్ట్రికల్ యాక్సెసరీ కింద రాయించుకోండి, రాయించని వస్తువు పోతే దానికి పైసా రాదు.

గద్వాల గేర్

రూఫ్ ర్యాక్ నేను వాడుతున్నాను, ఖర్చు చెప్తా విను తమ్ముడూ. బ్యాలెనోకి పైన రెయిల్స్ ఉండవు కాబట్టి డోర్ ఫ్రేమ్‌ని పట్టుకునే క్లాంప్‌లున్న అడ్డ బార్లు కావాలి. దేశీ రకం బార్లూ రెండు సైకిల్ ట్రేలూ కలిపి పదిహేను ఇరవై వేల మధ్య వస్తాయి. థూలే లాంటి స్వీడన్ కంపెనీది పెడితే రెండు సైకిళ్లకు యాభై వేలు దాటుతుంది, అందులో సగం పైసలు బార్లకే. నీ బెల్టు ర్యాక్ ఎంతయింది, ఐదారు వేలా? చూశావా తేడా. కానీ నంబర్ ప్లేట్ గొడవ, టెయిల్ లైట్ గొడవ, రివర్స్ కెమెరా గొడవ, డిక్కీ తెరవలేని గొడవ, అన్నీ ఒక్కసారే పోతాయి.

బరువు మాత్రం చూసుకో. బండి మాన్యువల్‌లో రూఫ్ లోడ్ ఎంతో రాసుంటుంది, చిన్న కార్లకి మామూలుగా 50 కిలోల దగ్గర ఉంటుంది. అందులో బార్ల బరువు కూడా కలపాలి, జనం మర్చిపోయేది అదే. బార్లు 5, ట్రేలు రెండు కలిపి 8, సైకిళ్లు ఒక్కోటి 14 అనుకో, 41 అయింది. గేర్ల ఎంటీబీ స్టీల్‌ది అయితే ఒక్కటే 17, 18 ఉంటుంది, అప్పుడు దగ్గర దగ్గరగా వస్తావు. హైవే మీద 80 దాటితే గాలి చప్పుడు ఈల వేసినట్టు ఉంటుంది, మైలేజీ తగ్గుతుంది. మా బావమరిది సైకిళ్లు పైన ఉన్నాయన్న ధ్యాస లేకుండా ఫంక్షన్ హాల్ సెల్లార్లోకి దూరిపోయాడు, రెండు హ్యాండిళ్లూ వంకర పోయాయి, కారు కప్పు మీద సొట్ట. అందుకే నేను స్టీరింగ్ పక్కన పైన సైకిళ్లు అని స్టిక్కర్ వేసుకున్నా, నవ్వేవాళ్లు నవ్వనీ.

వనపర్తి వదిన

స్టిక్కర్ ఐడియా బాగుంది. ఇక్కడ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మా వాళ్లు కూడా అదే పని చేశారు, ఏ దేశమేగినా అంతే.

నార్కట్‌పల్లి నడక

ఇన్ని వేలు ఎందుకు పెడుతున్నారో నాకు అర్థం కావట్లేదు. నేను ఐ10లో సైకిల్ లోపలే పెట్టుకొని పోతాను. వెనక సీటు పడుకోబెట్టి, పాత దుప్పటి పరిచి, రెండు చక్రాలూ విప్పి, చైన్ వైపు పైకి వచ్చేలా పడుకోబెడితే సరిపోతుంది. చైన్ కింద పెడితే గ్రీజు సీటుకి అంటుకొని ఇంట్లో మాటలు పడాలి. డిస్క్ బ్రేకులు హైడ్రాలిక్ అయితే చక్రం విప్పాక ప్యాడ్ల మధ్య ఒక అట్టముక్క మడిచి పెట్టండి, ఎందుకంటే చక్రం లేనప్పుడు దారిలో ఎవరి చెయ్యి అయినా బ్రేక్ లివర్ మీద పడితే పిస్టన్లు లోపలికి కలిసిపోతాయి, తర్వాత చక్రం దూరదు, రోడ్డు పక్కన స్క్రూడ్రైవర్‌తో తిప్పలు పడాలి. వెనక డెరైలర్ (చైన్‌ని గేర్ల మీద జరిపే భాగం) మడతపడకుండా గేరు చిన్న పళ్ల చక్రం మీద వేసి విప్పితే సులువు. క్విక్ రిలీజ్ (చేత్తో తిప్పి విప్పే లివర్) అయితే ఐదు నిమిషాల పని, నట్లు ఉంటే 15 నంబర్ పానా ఒకటి డిక్కీలో పడేసుకోండి. ఖర్చు దుప్పటి ఖర్చే. ప్లేట్ కనిపిస్తుంది, లైట్లు కనిపిస్తాయి, దొంగ భయం లేదు, టిఫిన్ చేసేటప్పుడు కిటికీ పక్క టేబులే కావాలని ఎదురుచూడక్కర్లేదు.

పానగల్ పెడల్

ఒక్క సైకిల్‌కి సరే అన్నా, మావి రెండు. ఇద్దరం, రెండు సైకిళ్లు.

నార్కట్‌పల్లి నడక

ఇద్దరే అయితే వెనక సీటు మొత్తం ఖాళీయే కదా. మొదటిది పడుకోబెట్టి పైన ఇంకో దుప్పటి, దాని మీద రెండోది హ్యాండిల్ అటు వైపు తిప్పి. చక్రాలు నాలుగూ సీట్ల వెనక సందులో నిలబెట్టండి. పెడల్స్ విప్పితే ఇంకా బాగా కూర్చుంటాయి, ఎడమ పెడల్ మాత్రం మామూలు నట్టుకి రివర్స్‌లో విప్పాలి. ఫ్రేములు ఒకదానికొకటి రాసుకునే చోట పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టండి. ముందు సీట్ల వెనక గట్టిగా ఒక తాడు కట్టడం మర్చిపోవద్దు, సడన్ బ్రేక్ పడితే రెండు సైకిళ్లూ మెడ మీదికి వస్తాయి.

కొల్లాపూర్ కుర్రోడు

పిల్లల సైకిళ్లు అయితే ఈ గోలంతా అక్కర్లేదు, విప్పకుండానే పడతాయి. సోమశిలకి మేం అలాగే పోతాం. దూరం పోవాలంటే ఆర్టీసీ కార్గోలో వేసేయొచ్చు, చక్రం విప్పి అట్టపెట్టెలో పెట్టి, రేట్ బరువును బట్టి కౌంటర్‌లో చెప్తారు. మనం బస్సెక్కి పోయి అక్కడ తీసుకోవడమే.

జడ్చర్ల జంక్షన్

ఒక డౌట్. మాది ఇంకా టీఎస్ 06, 2018 బండి, పాత ప్లేటే ఉంది. మరి దానికైతే రేడియం షాపు ప్లేట్ రెండోది పెట్టుకోవచ్చు కదా, మొదటిదీ షాపుదే కాబట్టి.

పాలమూరు సైక్లిస్ట్

తెలివి భయ్యా నీది. 2019కి ముందు బండ్లకి కూడా హై సెక్యూరిటీ ప్లేట్లు పెట్టించుకోమని 2025లో మన రాష్ట్రంలో ఉత్తర్వు వచ్చింది, కార్లకి ఆరేడు వందలు అవుతుంది. ముందు దాన్ని పెట్టించుకో, టీఎస్‌ని టీజీ చేయించక్కర్లేదు, అదే నంబర్‌తో ఇస్తారు. పెట్టించుకున్నాక నువ్వూ పానగల్ అన్నా ఒకటే కేసు.

పానగల్ పెడల్

అందరికీ థాంక్స్. రేడియం ప్లేట్ క్యాన్సిల్. ఈ నెలకి నార్కట్‌పల్లి అన్న చెప్పినట్టు లోపలే పెట్టుకొని ట్రాక్‌కి పోయొస్తాం, మా ఆవిడకి రోజూ దుప్పట్లు పరచడం విసుగొస్తే దసరా ఆఫర్లలో దేశీ రూఫ్ ర్యాక్ చూస్తాను. గద్వాల అన్నా, క్లాంప్‌లు డోర్ రబ్బరు పాడు చేయకుండా ఉండేవి ఏవో మెసేజ్ పెట్టండి. ఇక బెల్టు ర్యాక్ రిటర్న్ గడువు అయిపోయింది, కొత్తదే, ఎవరికైనా కావాలంటే సగం ధరకి ఇచ్చేస్తా.

దేవరకొండ డ్రైవర్

నాకు కావాలి. నాది స్టెప్నీ వెనక డోర్‌కి ఉన్న బండి, నంబర్ ప్లేట్ ఎడమ పక్కకి ఉంటుంది, ఒక్కటే సైకిల్.

పానగల్ పెడల్

అయితే పైసలు ముందే పంపకండి. సైకిల్ తీసుకొని ఆదివారం సాయంత్రం నల్లగొండ రండి, కట్టి లైట్లు వేసి ఇరవై అడుగులు వెనక్కి పోయి చూద్దాం. నంబర్ మొత్తం కనిపిస్తేనే ర్యాక్ మీది, స్టెప్నీకి సరిపోయే పొడవు బెల్టులు మాత్రం విడిగా కొనుక్కోవాల్సి రావొచ్చు.

హైవే హుజూర్

బ్రేక్ లైట్ కూడా చూడండి.